ఊడొచ్చిన నంబరు

"ఇది మీ షాపులో చేసిందేనాండీ?"

ఇశ్రాయేలు తలెత్తాడు. యాభై దాటిన మనిషి. ఎన్నడూ చూసిన ముఖం కాదు. కౌంటరు మీద ఒక స్టిక్కరు పరిచాడు. నల్లటి రేడియం పట్టీ మీద తెల్లటి అంకెలు. ఒక మూల మడత పడి, ఆ మడతకే అంటుకుపోయింది.

అంకెలు చూడగానే అది ఎవరి కారుదో ఇశ్రాయేలుకు తెలిసిపోయింది.

అంకెల కింద ఉన్న అక్షరాలను అరచేత్తో కప్పాడు. ‘ఇశ్రాయేలు రేడియం వర్క్స్, కొండాపూర్.’

తాను రాసిన ప్రతి నంబరు కింద చిన్న అక్షరాల్లో షాపు పేరు వేయడం అతని పద్ధతి. తిరిగే ప్రతి బండీ జీతం అడగని సేల్స్‌మన్ అని అతని లెక్క. తొంభై తొమ్మిది ఎండాకాలం దాకా ఆ లెక్క తప్పలేదు.

ఈ నంబరు ఉదయ్ భాస్కర్‌ది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో అతనికి సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. విదేశం నుంచి తెప్పించుకున్న ఎర్రటి స్పోర్ట్స్ కారు కూడా ఉంది. దాని ముక్కు నేలను రాసుకుంటూ పోతుంది. ముందు ప్లేటు బిగించడానికి చోటే లేదు.

"బంపర్‌కు చిల్లులు కొట్టాలె సార్," అన్నాడు ఆ రోజు ఇశ్రాయేలు.

"నా కారుకి చిల్లులా? ముక్కు కుట్టించడానికి అదేమన్నా ఆడపిల్లా అండీ? స్టిక్కర్ వేసెయ్యండి."

"స్టిక్కర్ నంబరు చెల్లదు సార్. ప్లేటే ఉండాలంటరు."

"నల్ల మీద తెల్లగా వెయ్యండి. దూరం నుంచి చూస్తే ప్లేటే అనుకుంటారు."

పెద్ద కారు. పెద్ద ప్రచారం. ఇశ్రాయేలు బానెట్ అంచున అంటించేశాడు.

మరుసటి వారమే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ షాపు ముందు జీపు ఆపాడు. "ఏందిర భై, ప్లేట్లు బందు పెట్టి స్టిక్కర్లు అంటిస్తున్నవంట? ఇగ నీ పేరుతోటి ఒక్క స్టిక్కర్ నంబర్ దొరికిందనుకో, షటర్‌కు సీలేస్త," అని చెప్పి వెళ్లాడు.

ఇప్పుడు దొరికింది. పేరుతో సహా.

"ఎక్కడ దొరికింది సార్ ఇది?" ఇశ్రాయేలు గొంతు తగ్గించాడు.

"కొత్తగూడ మలుపులోనండీ."

"మీరు డిపార్ట్‌మెంటా?"

"ఏ డిపార్ట్‌మెంటు?"

పోలీసు మనిషి కాకపోతే ఇంత నిదానం ఎక్కడిది అనుకున్నాడు ఇశ్రాయేలు.

"స్టేషన్లో ఇద్దామనే బయల్దేరాను," అన్నాడాయన. "కింద మీ పేరు కనబడింది. కారు ఎవరిదో మీకు తెలిసే ఉంటుంది కదా. పాపం, కుర్రాడు కంగారు పడుతూ ఉంటాడు. ఇచ్చెయ్యండి."

కారు నడిపేది కుర్రాడని కూడా ఈయనకు తెలుసు. ఆరా అంతా తీసే వచ్చాడు.

"చాయ్ చెప్పాల్నా సార్?"

"వద్దండీ."

"జర సాఫ్ సాఫ్ చెప్పుండ్రి. మీకేం కావాలె?"

"ఈసారి ప్లేటు మీద రాసి బోల్టులు బిగించండి. ఈ ఎండలకి జిగురు ఆగదండీ."

"అంతేనా?"

"అంతేనండీ."

అంతే అంటే నమ్మేవాడు వ్యాపారం చేయలేడు. ఇవాళ ఏమీ అడగనివాడు రేపు ఎక్కువ అడుగుతాడని ఇశ్రాయేలు అనుభవం. పైగా ఆయన కౌంటరుకు చెయ్యి ఆనించి ఇంకా నిలబడే ఉన్నాడు. షాపులో ఏమేం ఉన్నాయో చూసుకుంటున్నాడనిపించింది.

"లింగంపల్లి దిక్కు పోవాల్నా సార్? అగో, బస్సొస్తుంది. జల్ది పోండ్రి, మల్ల గంట దాక ఇంకోటి లేదు."

ఆయన తల ఊపి, మెల్లగా రోడ్డు దాటి బస్సెక్కాడు.

బస్సు కదలగానే ఇశ్రాయేలు కత్తెర అందుకున్నాడు. పేరు ఒక ముక్క, ఊరు ఒక ముక్క, అంకెలు విడివిడిగా. అన్నీ చెత్తబుట్టలో పడ్డాక చాయ్ తెప్పించుకున్నాడు. చేతి నుంచి పైసా పోకుండా షాపు దక్కింది. ఇంత మంచి బేరం ఈ మధ్య కాలంలో కుదరలేదనిపించింది.

చాయ్ సగంలో ఉండగా ఆటో ఆగింది. ఉదయ్ భాస్కర్ దిగాడు. చిల్లర కూడా తీసుకోకుండా లోపలికొచ్చాడు.

"ఇశ్రాయేలుగారూ, కారు ముందు నంబరు పోయింది. పోలీసులెవరైనా వచ్చారా?"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. స్టిక్కర్ మన చేతికే వచ్చింది. ముక్కలు చేసి పారేసిన. ఇగ మీరూ సేఫు, మా షాపూ సేఫు."

"మీ చేతికా? ఎలా?"

"ఎవరో పెద్దమనిషి. రోడ్డు మీద దొరికిందని తెచ్చిచ్చిండు."

"రోడ్డు మీదా?"

"ఔ సార్. ఊడి పడుంటది."

"పడలేదండీ." ఉదయ్ భాస్కర్ కౌంటరు మీదికి వంగాడు. "పొద్దున కొత్తగూడ మలుపులో లూనా మోపెడ్ మీద వెళ్తున్న ఒకాయన్ని గుద్దాను. ఆయన ఎగిరి నా బానెట్ మీద పడ్డాడు. జారిపోతూ చేతికి అందింది పట్టుకున్నాడు. నాకు భయమేసింది... కారు వెనక్కి తీసి, తిప్పుకుని వచ్చేశాను. అద్దంలో చూస్తే లేచి కూర్చున్నాడు. స్టిక్కరు ఆయన చేతిలోనే ఉంది."

ఇశ్రాయేలు రోడ్డు వైపు చూశాడు. బస్సు ఎప్పుడో కనుమరుగైంది.

ఆయన పోలీసు మనిషి కాదు, రోడ్డు మీద నంబరు ఏరుకున్న మనిషీ కాదు. కారు గుద్దితే కింద పడి, గుద్దినవాడు కంగారు పడుతుంటాడని ఆ నంబరు వెనక్కి తెచ్చిచ్చిన మనిషి.