నానమ్మ పిలుపు

కొత్త సర్వర్‌ను తెల్లారేలోపు సిద్ధం చెయ్యమని చెప్పి, మా మేనేజరు నన్నొక్కదాన్నే ఆఫీసులో వదిలేసి హాయిగా ఇంటికి పోయాడు. పేర్లను ఏ భాష పద్ధతిలో వరుసగా పేర్చాలో సర్వర్‌కి చెప్పాలి. ఆ పద్ధతులనే కొలేషన్లంటాం. ఏమేం ఉన్నాయో చూపించమన్నాను. తెర నిండా వచ్చిపడ్డాయి. అన్నిటికీ అడుగున, తెలుగులో ఒకటి: "నానమ్మ పిలుపు."

ఏసీ హోరు ఒక్క క్షణం ఆగినట్టయింది.

నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. అన్నానికి పిలిచేటప్పుడు అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టేది. పెద్దరికం వెలగబెట్టే మా పెదనాన్న ఎప్పుడూ చివర మిగిలేవారు.

అయినా చెయ్యి ఊరుకోదుగా. పరీక్షకు నేనెప్పుడూ ఎక్కించే మా ఇంటివాళ్ల పేర్లను ఆ పద్ధతిలో పేర్చమన్నాను. అడుగున పెదనాన్న వచ్చారు. పైన, ఇంట్లో అందరికన్నా చిన్నవాడు మా చిన్నోడు ఉండాలి. వాడికీ పైన రెండు ఖాళీ వరుసలున్నాయి. అవి నేను ఎక్కించినవి కావు.

ఫోను మోగింది. మా చెల్లెలి భర్త.

"వదినా! పాప! ఇప్పుడే పుట్టింది! మొట్టమొదట నీకే చెప్తున్నా!"

కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఇంకా పేరు పెట్టని పిల్లకు ఖాళీ వరుస కాక ఏముంటుంది! ఏడుస్తూనే నవ్వాను. అంతలో మళ్లీ తెర కనబడింది.

"కవలలా బాబూ?"

"కవలలేంటి వదినా, ఒక్కతే!"

మరి పాపకన్నా చిన్నవాళ్లదైన ఆ పై వరుస ఎవరిది? నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది.

చీకటి నడవాలోంచి నానమ్మ గొంతు మురిపెంగా పిలిచింది: "బుజ్జీ, అన్నానికి రా!"

మా ఇంట్లో బుజ్జి అనేవాళ్లెవరూ లేరు, ఇప్పటిదాకా.