షెరీఫ్‌కి క్షమాభిక్ష

అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడని ఫోన్ రాగానే మా కౌంటీ పోలీసు పెద్ద, షెరీఫ్ వెండెల్ తన టోపీ తీసి నా నెత్తిన పెట్టి, తన కింద పోలీసుగా చేసే మా ఆయన గ్రేడీని లాక్కుని ఆఫీసు బల్లెక్కి చిందులేశాడు. ఒంటి రంగు చూసి కార్లు ఆపొద్దని జడ్జి ఆర్డరేస్తే, ఏడాదిపాటు ఆపించి కోర్టు ధిక్కారం కేసులో ఇరుక్కున్నాడాయన. ఆ కార్లు ఆపింది గ్రేడీ.

"జైలు లేదు, ఏం లేదు! చేపలవేటకి పోదాంరా గ్రేడీ!"

"మీరు గాలం వేస్తే జడ్జే పడుతుంది సార్!"

ఇంత సంబరపడొచ్చా అని ఓ క్షణం అనిపించింది గానీ, నేనూ పగలబడి నవ్వుతూ కేకు కోశాను.

అంతలో ఆయన లాయరొచ్చి క్షమాభిక్ష కాగితం చేతిలో పెట్టాడు. "సార్, మీకే చుట్టుకుంటుందని ఇన్నాళ్లూ మీరు కోర్టులో నోరు విప్పలేదు. ఇప్పుడు మీకు శిక్ష భయం లేదుగా. ఆ కార్లు ఎవరు ఆపారో సోమవారం చెప్పి తీరాలంటోంది జడ్జి."

"ఓస్, అంతేనా? చెప్పేస్తా!"

గ్రేడీ చిందు ఆగిపోయింది.

"సార్," అన్నాను, "ఆ కాగితంలో మా ఆయన పేరు కూడా ఉందా?"

"లేదమ్మా, నాదొక్కటే!" అన్నాడాయన మురిసిపోతూ. "ఎంత పెద్ద అక్షరాలతో వేశారనుకున్నావ్!"