మూల ముక్క

"ఊపిరి బిగబట్టండి బాబాయ్. నోరు తెరిస్తే లోపలున్నదంతా ప్లేట్లోనే పడుతుంది."

ముసలాయన బిగబట్టాడు. అసలే మాటలు తక్కువ మనిషి. నలభై ఏళ్లు తాళాలు బాగుచేశాడు. తాళంతో మాట్లాడే పని ఉండదు.

ఆయన రెండు చేతులూ పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలోకి దూర్చి ఉన్నాయి. లోపల గాలి కదలకుండా ఉండటానికే ఆ పెట్టె. అందులో జెల్లీ పోసిన గాజు ప్లేట్లు రెండు, కత్తెర, పట్టకారు, ఒక మడత కాగితం.

కాగితం నడుమ గోధుమరంగు గుండ్రటి మచ్చ ఉంది. పుట్టగొడుగును కాగితం మీద బోర్లించి గ్లాసు మూసిపెడితే తెల్లారేసరికి రాలే పొడి అది. ఆ పొడే విత్తనం. పోయిన వానల్లో దుకాణం వెనక మోడు మీద మొలిచిన పుట్టగొడుగును ఆయన భార్య కోసుకొచ్చి ఆ ముద్ర తీసింది. మడిచి కవర్లో పెట్టింది. మనమూ పెంచుదామంది. నెల తిరక్కుండానే ఆమె పోయింది.

ఆ కవరు పట్టుకునే ఆయన ఇక్కడికి వచ్చాడు. పుట్టగొడుగుల విత్తనం తయారుచేసే ఈ గదిలో శనివారాలు కొత్తవాళ్లకు పని నేర్పుతారు. నేర్పే అమ్మాయి తలుపు గొళ్లేన్ని కూడా స్పిరిటుతో తుడుస్తుంది. చాటుగా అందరూ స్పిరిటమ్మ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"మళ్లీ ఆ మూలేనా? మధ్యలో అంత పొడి పెట్టుకుని అంచులు గీకుతారేంటి బాబాయ్?"

ఆయన విన్నాడు. విని, కుడివైపు కింది మూల నుంచే బియ్యపుగింజంత ముక్క కత్తిరించాడు.

"మొండిఘటం" అనుకుంది స్పిరిటమ్మ, పైకే.

ఇది నాలుగోసారి. మొదటిసారి ప్లేటంతా ఆకుపచ్చ బూజు పట్టింది.

"నా చేతిదా తల్లీ?"

"కాదు, గాలిది. మూత ఎక్కువసేపు తెరిచారు."

రెండోసారి జెల్లీనే పాడైంది. కుక్కర్లో సరిగ్గా ఉడకలేదు. మూడోసారి ముక్క పెట్టేటప్పుడు దగ్గొచ్చింది. వారానికి రెండు ప్లేట్లలోనూ తెల్లటి జిగురు పేరుకుంది.

"ఇది నాదేనా?"

"అచ్చంగా మీదే" అని నవ్విందామె. ఆయన నవ్వలేదు. గది మూసేదాకా బయట బల్ల మీద కూర్చున్నాడు. ఇంత చిన్నదానికి అంత బాధేంటో ఆమెకు అర్థం కాలేదు.

"ఖాళీ ప్లేటే మనకు కాపలా" అని ఆమె మొదటిరోజే చెప్పింది. దాంట్లో ఏ ముక్కా పెట్టరు. రెండో ప్లేటుతో పాటే తెరిచి, దాంతో పాటే మూస్తారు. దాంట్లో ఏదైనా మొలిస్తే అది గాలిదో, మన ఒంటిదో. దొంగ ఎవరో కాపలావాడే చెప్తాడు.

ఆ మాట ఆయన మనసులో బాగా నాటుకుంది. గోళ్లు చిగుళ్లదాకా కత్తిరించుకున్నాడు. మోచేతుల దాకా రుద్ది రుద్ది చర్మం పగిలింది. మీ మీసంలో ఊరంత దుమ్ముంటుంది బాబాయ్ అని ఆమె ఒకసారి హాస్యమాడితే, మరుసటి శనివారం మీసం లేకుండా వచ్చాడు.

"అయ్యో, నేను ఊరికే అన్నాను!"

"పోన్లే తల్లీ. చూసి మురిసేవాళ్లెవరున్నారు గనక."

ఇప్పుడు మూలలో మిగిలింది ఆ ముక్కే. చీకట్లో కూడా తాళం విప్పగల చేతులు పెట్టెలో వెంట్రుకవాసి చొప్పున కదిలాయి. ముక్కను జెల్లీ మీద ఆనించాడు. మూత పడ్డాక గానీ ఊపిరి వదల్లేదు.

"ఇదీ చెడితే?" అన్నాడు.

"చెడితే చెడనీయండి. మధ్యలో పొడంతా అలాగే ఉందిగా."

ఆయన కాగితాన్ని మళ్లీ మడిచి కవర్లో పెట్టాడు.

వారం తిరిగాక ఇద్దరూ కిటికీ దగ్గర ప్లేట్లు ఎత్తి చూశారు. ఖాళీ ప్లేటు అద్దంలా ఉంది. రెండో దాంట్లో కాగితపు ముక్క చుట్టూ నాలుగైదు పసుపురంగు చుక్కలు, ఆవగింజల్లా మెరుస్తున్నాయి. పుట్టగొడుగు దారాలు ఒక్కటి కూడా లేవు.

స్పిరిటమ్మ ముఖం చిన్నబోయింది. "సారీ బాబాయ్. రాలేదు. ఇది బ్యాక్టీరియా."

"నాదా?"

"మీదైతే ఖాళీ దాంట్లోనూ రావాలిగా. ఈసారి మీ పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ కాగితానికే ముందు నుంచీ ఏదో అంటుకుని ఉంది."

"గాలిది కూడా కాదు?"

"కాదు."

"ఖాయమేనా తల్లీ?"

"ఖాయం. దాన్ని బ్లీచింగ్ నీళ్లలో పడేయండి. ఆ కాగితం ఇటివ్వండి, మధ్యలోంచి నేనే పెడతాను. పది రోజుల్లో దూదిలా అల్లుకోకపోతే నన్నడగండి."

ఆయన కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నువ్వుంచుకో. పెంచుకో."

పసుపు చుక్కల ప్లేటుకు చుట్టూ టేపు వేశాడు. చేతిరుమాల్లో చుట్టి, చొక్కా లోపలి జేబులో నిలువుగా పెట్టుకున్నాడు. జేబు మీద అరచెయ్యి ఆనించుకుని మెట్లు దిగసాగాడు.

"బాబాయ్, అది చెత్త. ఇంటికెందుకు?" అని పైనుంచి అడిగింది స్పిరిటమ్మ.

ఆయన భార్య ఏ కాగితాన్నైనా బొటనవేలు నాలుకకు తడుపుకుని, కుడివైపు కింది మూలనే నొక్కి పట్టుకునేది. ఆ పుట్టగొడుగు కాగితాన్నీ అలాగే పట్టుకుంది.