జేబున్నోళ్ళ యంత్రం

"అవ్వా, చెన్నమ్మకు నొప్పులొచ్చినాయి, బిరబిరా రా!" జయరాముడు వాకిట్లోంచే అరిచినాడు.

మంత్రసాని మేరాజ్ బీ వక్కాకు దంచుకుంటా తలెత్తింది. "కప్పలొచ్చినాయా? రెండేండ్లుగా వానే ల్యాకపాయ. యాడొచ్చినాయప్పా కప్పలు?"

"కప్పలు కాదవ్వా! నా పెండ్లానికి!"

"నిండుచూలాలు! కప్పలు పట్టను ఎట్ల పంపిస్తివిరా?"

పక్కనే ఉన్న నర్సు నాగలక్ష్మమ్మకు నవ్వు రాలేదు. నొప్పులకూ కప్పలకూ తేడా తెలియని చెవులతో కాన్పులెట్లా చేస్తుందీమె? సర్కారు ఇచ్చిన కాన్పుల సంచి ఈమె దగ్గరే ఉంచాలా, వెనక్కి తీసుకోవాలా తేల్చిపోదామనే నల్లమాడ నుంచి పొద్దున బస్సెక్కి వచ్చింది. సంచి పోతే మేరాజ్ బీకి నలభై ఏండ్ల పని పోయినట్టే. ఊళ్ళో పిలిచేవాళ్ళూ ఉండరు.

ఆఖరి ఆశగా నర్సు ఒక చెవి యంత్రం తెచ్చింది. నల్లమాడ పెద్ద డాక్టరు తన తండ్రి కోసం బెంగుళూరు నుంచి తెప్పించింది. ఆ ముసలాయన పోయినాడు, అది మిగిలింది. గుప్పెట్లో పట్టే ఇనుప పెట్టె, దానికి మూరెడు తీగె, తీగె కొసన చెవిలో దోపుకునే బిరడా. మాటలు పెట్టెలో పడి, తీగె మీద పాకి, చెవిలో తేలతాయి.

"చెవి పెట్టినా వినపడదు గదవ్వా నీకు. ఇంక పెట్టె పెట్టి విను," అని బిరడా దోపింది నర్సు.

"పెట్టె యాడ పెట్టుకోవాల?"

"జేబులో."

"జేబు యాడిదే నాకు?"

నర్సు కట్టుకున్నదీ చీరే. ఆ యంత్రాన్ని చేసిన దొర ఎవరో గానీ, చెవుడు కోటు తొడుక్కున్నోళ్ళకే వస్తుందనుకున్నట్టుంది.

రవికెలో దోపి చూసినారు. గుడ్డ రాపిడికి మేరాజ్ బీ ఎగిరిపడింది. "జొన్నసొప్పలో ఎద్దులు పడినట్టుండాది!" నడుముకున్న వక్కాకు తిత్తిలో వేసినారు. నాలుగడుగులు వేసిందో లేదో, వక్కలన్నీ పెట్టెను వాయించినాయి. "చెవిలో రోలు పెట్టినావేమే నర్సమ్మా!"

చివరికి జయరాముడే ఓర్చుకోలేక అంగీ జేబు చాచినాడు. "ఈడ ఏసుకో అవ్వా. దీంట్లో ఎట్లాగూ ఏమీ ఉండదు."

జేబు జయరాముడిది, చెవి మేరాజ్ బీది, మధ్యలో మూరెడు తీగె. కాడికి కట్టిన జోడెద్దుల మాదిరి ఇద్దరూ వీధిలో నడుస్తాంటే మగ్గాలు ఆపి మరీ చూసినారు జనం.

"ఏమప్పా జయరామా, నువ్వు అవ్వను తోలుకపోతాండావా, అవ్వ నిన్ను తోలుకపోతాండాదా?" బయ్యన్న అరుగు మీద నుంచి గొణిగినాడు.

మేరాజ్ బీ గభాలున తిరిగింది. "వినపడిందిరా బయ్యన్నా!"

నర్సు మనసు కుదుటపడింది. యంత్రం పనిచేస్తోంది.

గడప దగ్గర చిక్కొచ్చింది. కాన్పు గదిలోకి మగోడు రాకూడదు. లోపల చెన్నమ్మ కేక పెట్టింది. మేరాజ్ బీ ఇంక ఆగలేదు. జేబులోని పెట్టెను ఒక్క గుంజు గుంజి, లోపలికి పోయింది.

గంటకు మగబిడ్డ పుట్టినాడు. ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చినాడు. నర్సు వెంటనే సూదిలోకి మందు తీసింది. కడుపు బిగుసుకుని నెత్తురు ఆగిపోయే మందు.

"ఆగు," మేరాజ్ బీ చెయ్యి అడ్డం పెట్టింది. "లోపల ఇంకొకటుండాది. పోయిన నెలే చెప్తి గదా, ఇద్దరని."

"తడిమి చెప్పేది కూడా ఒక లెక్కా? నేను గొట్టం పెట్టి విన్నాను. ఒక్కటే!" నర్సు సూది పట్టుకుని ముందుకు వంగింది.

మేరాజ్ బీ వాదనకు దిగలేదు. జారిన బిరడాను చెవిలో సర్దుకుని, పెట్టెను చెన్నమ్మ కడుపు మీద పెట్టింది. మెల్లగా అటు జరిపింది, ఇటు జరిపింది. ఒక చోట ఆపి కండ్లు మూసుకుంది. ఇంకో చేతి వేలు గాలిలో తాళం వేసింది.

"ఇదో, ఈడుండాది. బతికుండాది."

నర్సు చెయ్యి ఆగిపోయింది. బెంగుళూరు నుంచి వచ్చిన పెట్టె, పెద్ద డాక్టరు ఇచ్చిన పెట్టె. అది చెప్పినాక కాదనేదెట్లా? సూది పక్కన పెట్టేసింది.

కాసేపటికి ఆడబిడ్డ వచ్చింది, కాళ్ళు ముందు పెట్టి. సూది పడి ఉంటే ఆ బిడ్డ లోపలే నలిగిపోయేది.

నర్సు బయటికొచ్చి, పంచలో కూడినోళ్ళందరికీ పెట్టె ఎత్తి చూపించింది. "కాన్పుల సంచి అవ్వ దగ్గరే ఉంటాది. ఈ పెట్టె లేకుంటే రెండో బిడ్డ దక్కేది కాదు. యంత్రమంటే ఇట్లుండాల!"

మేరాజ్ బీ బిడ్డను పంచలోకి తెచ్చింది. జయరాముడు ఎత్తుకోను వంగినాడు. వాడి జేబులోంచి ఏదో టంగుమని బండ మీద పడి, నర్సు కాళ్ళ దగ్గరికి దొర్లింది. వేలెడంత బ్యాటరీ సెల్లు.

నర్సు పెట్టెను తిప్పి చూసింది. వెనక మూత ఊడి ఉంది. లోపల ఖాళీ.

"అవ్వ గుంజినప్పుడే నా జేబులో పడిపోయినట్టుండాది," అన్నాడు జయరాముడు.

నర్సు ఖాళీ పెట్టెను మేరాజ్ బీ ముఖం ముందు పెట్టి, ఇదేమిటన్నట్టు చెయ్యి తిప్పింది.

మేరాజ్ బీ చెవిలోంచి బిరడా తీసి, తీగె చుట్టి, నర్సు చేతిలో పెట్టింది. అందరికీ వినపడేట్టే చెప్పింది.

"గడప దాటినాక దాంట్లో ఏమీ వినపళ్ళేదు. ఇద్దరుండారని నా చేతులకు ముందే తెలుసు. పెట్టె పెట్టింది నాకు వినపడాలని కాదు తల్లీ, నీకు వినపడాలని."