‘వద్దు’ చీటీ

“ఇది నువ్వేనా?” అంటూ ప్రిన్సిపాల్ ప్రేమమణి తన ఫోన్‌ను బల్ల మీద భవాని వైపు తిప్పింది.

ఫోన్‌లో భవాని మైకు ముందు నిలబడి మాట్లాడుతోంది. “ఉచితం అనేసరికి ఆడవాళ్లు పనున్నా లేకున్నా బస్సెక్కి ఊరంతా తిరుగుతున్నారు. టికెట్ కొన్నవాళ్లేమో నిలబడి పోవాలి.” పదమూడు సెకన్లు. అంతే.

“నేనే మేడం. కానీ అది డిబేట్. మహిళలకు ఉచిత బస్సు కావాలా, వద్దా అని టాపిక్. చీటీల్ల నాకు ‘వద్దు’ అని వచ్చింది,” అంది భవాని. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ ముక్క అందరి ఫోన్లలో తిరగడం మొదలై మూడు రోజులైంది.

పక్కనే నిలబడ్డ తల్లి బుచ్చమ్మ అందుకుంది. “నేను నాలుగిండ్లల్ల పని చేస్త మేడం. కాప్రా నుంచి ఈ మారేడ్‌పల్లికి రోజూ గా ఫ్రీ బస్సులనే వస్త. నా బిడ్డ నన్నే తిడ్తదా? మాట్లాడమన్న సారు ఈడనే ఉన్నడు గద, అడుగుండ్రి.”

డిబేట్ నడిపిన లెక్చరర్ పైడిబాబు తలెత్తలేదు. “నిజమే మేడం. చీటీలు నేనే రాశాను. మొత్తం డిబేట్ వీడియో కూడా నెట్‌లో పెట్టాను.”

“ఎంతమంది చూశారు?”

“నలభై ఒక్కమంది.”

“ఈ ముక్కను తొమ్మిది లక్షల మంది చూశారు.” ప్రేమమణి ఫోన్ బోర్లించింది. “ఆ అమ్మాయిని కాలేజీ నుంచి తీసేసేదాకా ఊరుకోం అంటున్నారు జనం. నిన్న గేటు ముందు కూర్చున్నారు. మీ వీధి పేరు కూడా పెట్టేశారమ్మా. తను తప్పు చేయలేదని నాకూ తెలుసు. ఆ మాట బయట అన్నానంటే రేపు నా ఫొటో తిరుగుతుంది. టీసీ తీసుకోండి. పిల్లకే మంచిది.”

“తప్పు లేదని మీరే అంటున్నరు, మళ్ల మీరే పొమ్మంటున్నరు. గిదేం న్యాయం?” బుచ్చమ్మ గొంతు వరండా దాకా వినిపించింది. “లక్షల మంది ఉంటే నాకేంది? రమ్మనుండ్రి, ఒక్కొక్కరికి సమాధానం చెప్త.”

భవాని తల్లి చెయ్యి పట్టుకుంది. “అమ్మా, జెర ఊకో. సంతకం పెడ్త.”

పెట్టింది. టీసీ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని ఇద్దరూ బయటికి నడిచారు. గేటు దాకా పైడిబాబు వెనకే వచ్చాడు. “అమ్మా భవానీ...” అని మొదలుపెట్టాడు. చెట్ల కింద నిలబడ్డ విద్యార్థుల చేతుల్లో ఫోన్లు పైకి లేవడం చూసి, వెనక్కి తిరిగి గబగబా లోపలికి వెళ్లిపోయాడు.

బస్సు కిక్కిరిసి ఉంది. బుచ్చమ్మకు సీటు దొరికింది. భవాని చున్నీని కళ్లు మాత్రమే కనబడేలా ముఖానికి చుట్టుకుని, పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది.

ముందు సీటులోని ఆవిడ పక్కనున్నామెకు ఫోన్ చూపిస్తోంది. “గీ పోరిని చూసినవా అక్కా? మనం పని లేక తిరుగుతున్నమంట.”

“చూసిన. కాప్రా పిల్లనేనంట. ఎప్పుడో ఓనాడు గీ బస్సే ఎక్కుతది. దొర్కని, చెప్త.”

“వీడియో తీసి మనం సుత పెడదాం,” అంది వెనక నుంచి ఇంకో గొంతు.

బుచ్చమ్మ సీటులోంచి సగం లేచింది. పెదాలు కదిలాయి. చుట్టూ చూసింది. మళ్లీ కూర్చుంది.

కండక్టర్ వచ్చాడు. “ఆధార్ చూపియ్యుండ్రి.”

బుచ్చమ్మ చూపించి జీరో టికెట్ తీసుకుంది. భవాని చెయ్యి సంచిలోకి వెళ్లి ఆగిపోయింది. కార్డు మీద పేరుంది, ఫొటో ఉంది.

“కార్డు తేలేదన్నా. కాప్రాకు టికెట్ ఇయ్యుండ్రి,” అంది మెల్లగా.

“ఆడోళ్లకు పైసలెందుకమ్మా, ఇంట్లోళ్ల ఫోన్‌ల కార్డు ఫొటో ఉన్నదేమో చూస్కో,” అంటూ కండక్టర్ బుచ్చమ్మ వైపు తిరిగాడు. “ఇద్దరు ఒక్కతాన్నే ఎక్కిండ్రు గద. నీ బిడ్డేనా?”

ముందు సీట్లోని ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. వాళ్లలో ఒకావిడ చేతిలో ఆ వీడియో ఉన్న ఫోన్ వెలుగుతూనే ఉంది.

“కాదు సారు. గా పిల్లెవరో నాకు తెల్వదు,” అంది బుచ్చమ్మ.