ఇరుసులోకి నీళ్లు

వంక నీళ్ల నడిమధ్యలో జీపు చిక్కుకుపోయింది.

ఇంజన్ ఆగలేదు. గుడగుడమంటూనే ఉంది. వినుత యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ వెనక చక్రాలు ఇసకలో గిర్రున తిరుగుతున్నాయి తప్ప బండి జానెడు ముందుకు పోవడం లేదు. రాత్రి కొండల్లో కురిసిన వానకు వంక పొంగింది. ఎర్రటి నీళ్లు తలుపు సగానికి వచ్చాయి. కాళ్ల కింద చెప్పులు తేలుతున్నాయి.

"దిగి తోసేదా?" అన్నాడు పక్క సీట్లో ఉన్న చేతన్.

"ఈత వస్తాదా నీకు?"

రాదు. డ్రైవింగూ రాదు. చిక్కబళ్లాపురంలో వినుత సైన్సు చెప్పే స్కూల్లోనే అతను లెక్కలు చెబుతాడు. వాళ్లను ఇక్కణ్ణుంచి బయటపడేసే లెక్క మాత్రం అతనికి తెలియడం లేదు.

వినుత తలుపు తోసి చూసింది. నీళ్ల ఒత్తిడికి కదల్లేదు. వెనక్కి తిరిగితే, తాము దిగి వచ్చిన బండ్ల బాట అప్పటికే మునిగిపోయింది. ముందు, చింతామణి వైపు గట్టు. రాయి విసిరితే తగిలేంత దూరం. అంత దగ్గరగా కనిపిస్తూ ఉండటమే ఆమెను ఎక్కువ ఏడిపిస్తోంది.

పెద్ద రోడ్డు మీద పోయి ఉంటే ఈ గతి పట్టేది కాదు. కానీ అటు పోవాలంటే పేరేసంద్ర దాటాలి. అక్కడ టీ అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లకు ఆ పచ్చ జీపు ఎవరిదో బాగా తెలుసు. ఎవరో ఒకరు వినుత నాయన నారాయణస్వామికి ఫోన్ కొట్టక మానరు. ఆయన తోటకు పోయింది చూసి, తాళంచెవి తీసుకుని, చెప్పకుండా వచ్చేసింది వినుత.

ఆ జీపంటే ఆయనకు ప్రాణం. దాన్ని ఏనాడూ నీళ్లలోకి దింపలేదు. "వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో మునిగితే లోపల గాలి ముడుచుకుంటాది. నీళ్లను గుటగుటా పీల్చేస్తాది. గేర్ ఆయిల్ పాల మాదిరి తెల్లబడి గేర్ల పండ్లన్నీ అరిగిపోతాయి" అని వినుతకు బండి నేర్పిన రోజుల్లోనే చెప్పాడు.

"మీ నాయనకు ఫోన్ చెయ్యి" అన్నాడు చేతన్.

"ఏ మొగం పెట్టుకుని?"

నీళ్లు సీటు అంచును తాకాయి. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ చేతన్ చేతికిచ్చింది.

"చెప్పమ్మా."

"నాయనా... జీపు వంకలో ఉండాది. కదల్లేదు."

జీపు ఎందుకు తీశావని ఆయన అడగలేదు. ఏ వంక అని కూడా అడగలేదు.

"ఇంజన్ నడస్తాండాదా?"

"నడస్తాండాది."

"ఆపాకు. ఆపితే పొగగొట్టంలోకి నీళ్లెక్కుతాయి."

"ఇరుసులోకి నీళ్లు పోయింటాయి నాయనా. నీ బండిని పాడు చేసినా."

"పోవులే. ఇరుసుకు గాలి గొట్టాలుంటాయే, వాటికి రబ్బరు పైపులు తగిలించి బానెట్ దాకా ఎత్తి కట్టినా, పోయిన వారం. చక్రాల కాడ గ్రీసు నిండా కూరినా."

ఇంతలో వెనక నుంచి చిన్నాయన నాగేశ్ గొంతు వినబడింది. "ఫోన్లో ఎవరు, అన్నా?"

"ట్రాక్టరు మెకానిక్" అన్నాడు నారాయణస్వామి, తడుముకోకుండా. నాయన అబద్ధమాడటం వినుత వినడం అదే మొదలు.

ఆయన గొంతు తగ్గించాడు. "పక్కన చిన్న లివరు ఏసినావా?"

వినుత నెత్తిన కొట్టుకుంది. ముందు చక్రాలను కూడా తిప్పే ఆ లివరు సంగతే భయంలో మరిచిపోయింది. ఇంతసేపూ వెనక చక్రాలతోనే పోరాడుతోంది.

"క్లచ్ నిండా తొక్కి దాన్ని లాగు. ఫస్ట్ గేర్లో మెల్లగా వదులు. ఒకసారి వదిలినాక మళ్లీ తొక్కాకు, క్లచ్‌లోకి నీళ్లు పోతాయి. పరిగెత్తించాకు. మనిషి నడిచినట్టు పోవాల."

లివరు మొరాయించింది. చేతన్ ఫోన్ పళ్ల మధ్య కరచిపట్టుకుని రెండు చేతులూ వేశాడు. టక్కున పడింది. జీపు ఒళ్లంతా వణికి, ముందు చక్రాలతో గట్టి నేలను పట్టుకుని కదిలింది.

రెండు బారలు పోయిందో లేదో, ముక్కు కిందికి దిగిపోయింది. గుంత. నీళ్లు బానెట్ మీదికి ఎగిశాయి. చేతన్ కళ్లు మూసుకున్నాడు.

"నాయనా, వెనక్కి వచ్చేస్తా!"

"వద్దు!" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "వెనక్కి తిప్పాకు. ముందుకే పో."

ఆమె పళ్లు బిగబట్టి కాలు అలాగే ఉంచింది. జీపు మూలిగింది, పక్కకు ఒరిగింది, మళ్లీ తేరుకుంది. నీళ్లు బానెట్ మీద నుంచి జారాయి. చక్రాల కింద గులకరాళ్లు కరకరలాడాయి. చూస్తుండగానే బండి గట్టు మీద నిలబడి నలుమూలలా నీళ్లు కారుస్తోంది.

వినుత స్టీరింగ్ మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"గట్టెక్కినారా?"

"ఎక్కినాం నాయనా."

"బ్రేకులు తడిసింటాయి. మెల్లగా తొక్కుతా వదుల్తా పో, ఆరిపోతాయి."

"బండిని ఎట్లా తెచ్చినానో అట్లానే తెచ్చి..."

"ఇప్పుడే ఊరికి తేవాకు. చింతామణిలో నంజప్ప గ్యారేజీలో ఇడువు. ఆయిల్ దించి చూడమని వానికి నిన్ననే చెప్పి పెట్టినా."

వినుత తల ఎత్తింది. చేతన్ వైపు చూసింది. అతను ఫోన్ వైపే చూస్తున్నాడు.

"నాయనా..."

అవతల తోటలోని మోటారు గది తలుపు మూసిన చప్పుడు. ఆ తర్వాత, ఇంకెవరికీ వినపడనంత మెల్లగా ఆయన గొంతు:

"ముహూర్తం దాటిపోకముందే గుడికి చేరుకోండి తల్లీ, చేతన్‌ను తాళి కట్టేయమను."