పొలుసుల నడికట్టు

ఇసావో సొరుగులో పాము పొలుసులు కనిపించేసరికి సతోయేకి గుండె ఆగినంత పనైంది.

పామేమీ లేదు. కొత్త పట్టు నడికట్టు. తెలుపు మీద వరసలుగా నీలం ముక్కోణాలు.

చెయ్యి గబుక్కున తన నడుము తడుముకుంది. తన ఎర్రది తన ఒంటిమీదే ఉంది, కిమోనో లోపల, ఎవరి కంటా పడకుండా.

అయితే ఇదెవరికి?

పట్టు నేతగాళ్ల పేట నిషిజిన్‌లోని కిమోనోల కొట్లో ఆమెది పదకొండేళ్ల అనుభవం. ఏ గుడ్డ మీద ఏ బొమ్మ ఎందుకో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. కొంగలైతే దీర్ఘాయువుకి. జనపాకైతే పసిపిల్లలు ఏపుగా ఎదగడానికి. పొలుసులు గండం దాటడానికి. పాము కుబుసం విడిచినట్టు ఆ ఏటి కీడంతా రాలిపోతుందట. ఆడవాళ్లకి ఆ గండం ముప్పై మూడో ఏట.

"పొలుసుల గుడ్డ అడిగినావిడని వయసు అడగక్కర్లేదు" అని కొట్లో అందరినీ నవ్వించింది తనే. తీరా తన వంతు వచ్చేసరికి రైలెక్కి ఒసాకా పోయి, మూతికి మాస్కు పెట్టుకుని, "మా పిన్నికండీ" అని కొనుక్కొచ్చుకుంది.

ఇసావోకి చెప్పిన లెక్క ప్రకారం ఆమెకి ఇరవై తొమ్మిదే. ముప్పై ఆరేళ్లవాడు, పడుచుపిల్ల దొరికిందని మురిసిపోతున్నాడు పాపం.

రేపు వార్డు ఆఫీసులో పెళ్లి కాగితాలు ఇవ్వాలి. వాటిమీద పుట్టిన తేదీలు దాగవు. సంతకానికి బదులు వేసే పేరు ముద్ర పోయిందంటూ ఇసావో ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేశాడు. రెండుసార్లూ ఆమె లోలోపల దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఇవాళ గుండె రాయి చేసుకుని, అతను కింద మగ్గం బాగుచేస్తుండగా, ముద్ర కోసం తనే సొరుగు లాగింది.

ముద్ర దొరికింది. నడికట్టు మడతలో భద్రంగా ఉంది.

అంటే పోలేదు. దాచాడు. తన అసలు వయసు కూపీ లాగాడు. మొహాన అనలేక పెళ్లి సాగదీస్తున్నాడు. పదకొండేళ్లు ఊరందరి వయసులూ కనిపెట్టిన మనిషి, చివరికి మూర గుడ్డకి దొరికిపోయింది.

ఇసావో మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. తెరిచిన సొరుగు చూడగానే మొహం పాలిపోయింది.

"చూసేశావా?"

"చూశాను. ఎవరు కుట్టారు?"

"అక్క."

"ఓహో. ఆవిడకీ తెలుసన్నమాట."

"అక్కకి తెలియకుండా ఎలా ఉంటుంది? చెప్పెయ్ చెప్పెయ్ అని రోజూ పోరుతూనే ఉంది. నాకే నోరు రాలేదు."

"అక్కాతమ్ముళ్లకి బాగానే కాలక్షేపం అయింది. ఇక ఆ శ్రమ అక్కర్లేదు ఇసావో గారూ, నేనే చెబుతా. నాకు ముప్పై మూడు. ఇరవై తొమ్మిది ఎప్పుడో దాటిపోయింది. బతిమాలి వెనక్కి పిలిచాను, రాలేదు. ముద్ర మీ దగ్గరే ఉంచుకోండి, నేను వెళ్లొస్తా."

"నీకు ముప్పై మూడా?"

ఆమె తల దించుకుంది. ఇసావో మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా చాప మీద కూలబడ్డాడు.

"కూర్చో సతోయే, అక్క దాన్ని కుట్టింది నా నడుముకి... మగాళ్లకి గండం నలభై రెండో ఏట, నాకది ఈ ఏడే వచ్చింది."